కళ్ళంలో గుంత

ఆ ఏడు జొన్న పాలుపోసుకునే వేళకు నా కొడుకు ఏసేపు తలకు గుడ్డ కట్టుకొని నందికొట్కూరు బస్సు దిగాడు. నేను చేనులో మంచె మీద ఉన్నాను. దూరాన గట్టు మీద వస్తుంటే ఎవరో రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి అనుకున్నాను. దగ్గరికి వచ్చాక నడక గుర్తుపట్టాను. మంచె దిగానో దూకానో ఇప్పటికీ తెలియదు.

"ఏమైందిరా?"

"ఏం కాలేదు మా. బంతి తగిలింది."

"యాడ?"

"చెవి పక్కన. కుట్లేసినారు. తగ్గిపోతాదిలే."

"చెవి పక్కన అంటే కణత కదరా."

"కణత కాదు మా. ఇంగ రవ్వంత ఇవతల."

అని నవ్వబోయాడు. నవ్వితే కుట్లు లాగినట్టున్నాయి, మధ్యలోనే ఆపేశాడు. నేను గట్టు మీదే కూర్చున్నాను. కణతకూ చెవికీ నడుమ ఎంత చోటు ఉంటుందో నా తల మీద నేనే వేలు పెట్టి చూసుకున్నాను. వేలి వెడల్పు కూడా లేదు.

నాకు భయం పుట్టుకతోనే వచ్చింది. బస్సు కాస్త ఆలస్యమైతే ఎక్కడో లోయలో పడిందంటాను. మా దారిలో బస్సు పడేంత లోయ లేదని మా ఆయన సామేలు పెండ్లయిన నాటి నుంచి చెబుతూనే ఉన్నాడు. ఆయన మా ఊరి ఏసు గుడిలో గంట కొట్టే మనిషి. ఎప్పుడు కొట్టాలో ఆ వేళకు కొడతాడు, మిగిలిన వేళల్లో నెమ్మదిగా ఉంటాడు. నేనట్లా కాదు. ఎవరు గడప దాటినా, జాగ్రత్తగా పోయి రమ్మని, "జోపానం" అనాల్సిందే. నీళ్ళకు పోయే పిల్లకైనా, మేతకు పోయే మేకకైనా. ఆ మాట అనకపోతే పోయినవాళ్ళు తిరిగి రారని లోపల ఎవరో అంటుంటారు.

కర్నూలు రాజధాని అయి అప్పటికి మూడు నెలలు. మద్రాసు నుంచి ఆఫీసులు వచ్చి డేరాల్లో దిగాయి. అట్లాంటి ఒక డేరాలో మావాడికి గుమాస్తా పని దొరికింది. మిషను స్కూల్లో చదువు పూర్తి చేశాడని కొంత, బ్యాటు బాగా పడతాడని కొంత. ఆ ఆఫీసు సూపర్నెంటుకు క్రికెట్టంటే ప్రాణం. ఆయన ఆఫీసు జట్టుకూ కర్నూలు పాతబస్తీ పిల్లల జట్టుకూ జరిగిన ఆటలోనే ఈ దెబ్బ. జనవరి ఇరవయ్యారున మళ్ళీ వాళ్ళతోనే పెద్ద ఆట ఉంది. "ఆ రోజు నిలబడి ఆడితే కుర్చీ నీకు ఖాయం. లేదూ, ఇంకొకతను కాచుకొని ఉన్నాడు" అని సూపర్నెంటు చెప్పి సెలవిచ్చి పంపాడట.

"కుర్చీ పోతే పోనీ" అన్నాను నేను.

"పోతే నేను ఏం జెయ్యాల మా? ఈ చేను ముగ్గురికి చాలతాదా?"

చాలదని నాకూ తెలుసు. రెండేండ్లుగా వాన మొహం చాటేస్తే ఆ పిల్లవాడు చేయని కూలి లేదు. ఎవరి ఇంటి గోడకైనా మట్టి తొక్కాడు. ఆ చేతులతో మళ్ళీ కలం పట్టుకొని నీడలో కూర్చున్నాడు. డేరా నీడే అయినా నీడే కదా.

*

క్రిస్మస్ పండగ అయిన మరునాడు తండ్రీకొడుకులు గుడి వెనక ఖాళీ జాగాలో దిగారు. ఆయన బంతి విసరడం, వీడు కొట్టడం. ఆయన విసురు పందిట్లో తాంబూలం పంచినట్టు ఉంటుంది. అంత మెత్తటి బంతికి కూడా, అది దగ్గరికి వచ్చేసరికి వీడి కాలు వెనక్కీ పక్కకూ జరిగిపోతోంది. బ్యాటు మాత్రం ఎక్కడో గాలిలో ఊగుతోంది.

పక్క చేను కంబన్న ఎద్దులను తోలుకుపోతూ నిలబడ్డాడు.

"ఏమప్పా సామేలూ, మీవోడు బంతికి దారి ఇస్తాండాడే. పెద్దలొస్తే పక్కకు జరిగినట్ల."

"నీ పని నువ్వు చూసుకోప్పా" అన్నాడు మా ఆయన.

"నా పనే చూసుకుంటాండా. ఆ బంతి నా ఎద్దు మీదికొస్తే అది జరగదు. అందుకని ముందే చెప్తాండా."

ఏసేపు బ్యాటు నేలకు ఆనించి నిలబడ్డాడు. "నేను జరపలేదు నాయనా. దానంతట అదే పోతాండాది" అన్నాడు. కంబన్న మొహం మీది నవ్వు పోయింది. "అయితే ఎవురికన్నా చూపించాలప్పా" అని ఎద్దులను అదిలించాడు.

ఆ మధ్యాహ్నం నేను చేటలో జొన్నలు పోసుకొని రాళ్ళు ఏరుతుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మా, ఒకటి చెప్తా. ఏమనుకోవద్దు."

"చెప్పు."

"బంతి వాళ్ళ చేతిలోంచి వదలకముందే నాకు నీ గొంతు వినపడతాది."

"నా గొంతా?"

"జోపానం అంటావు. అప్పుడు కాలు పోతాది."

నేను చేటలోంచి ఒక రాయి ఏరాను.

"దెబ్బ తగలకముందు వినపడేది కాదు మా. ఇప్పుడు వినపడతాది. ఇరవయ్యారు దాంకా ఆ మాట అనొద్దు. ఇంగ ఏమన్నా అను. తిట్టు. ఆ మాట మటుకు వద్దు."

"సరే" అన్నాను. ఏరిన రాయిని మళ్ళీ చేటలోనే వేశానని వాడు లేచి పోయాక చూసుకున్నాను.

అంత చిన్న మాట మింగడం ఎంత కష్టమో నాకు ఆ నెలలో తెలిసింది. వాడు గడప దాటుతాడు, మాట నాలుక చివరికి వస్తుంది, నోరు మూసుకుంటాను. "నీళ్ళు తాగినావా" అంటాను. "తువ్వాల తీసుకున్నావా" అంటాను. పొద్దుగూకే సరికి దవడలు నొచ్చేవి. బండెడు కట్టెలు కొట్టినా అంత అలసట ఉండదు.

*

రెండు రోజులకు ఒక పొడుగాటి పిల్లవాడు సైకిలు తొక్కుకుంటూ కర్నూలు నుంచి వచ్చాడు. చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయి. పేరు ఖాజా అన్నాడు. జట్కా తోలేవాళ్ళ పిల్లవాడు. మావాడికి దెబ్బ తగిలించింది అతని బంతే. పాతగుడ్డలో చుట్టి ఒక పెద్ద రొట్టె తెచ్చాడు.

"నేను కావాలని ఏయలేదు మా. ఆడ పరిచిన మ్యాటు కింద రాయి ఉండింది. బంతి దాని మీద పడి లేసింది. కసమ్, ఒట్టు మా."

"ఎవరు కావాలని ఏస్తారు నాయనా. కూర్చో" అన్నాను. పండగ కజ్జికాయలు పెట్టాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం చూస్తే ఒకే పంచన పెరిగినట్టుంది. ఒకరి తల పగలగొట్టినవాడూ, తల పగిలినవాడూ ఒకే పళ్ళెంలో తింటున్నారు. మగపిల్లల స్నేహం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అతను పోయేటప్పుడు ఊరి చివరి దాకా సాగనంపుతానని నేనూ వెంట నడిచాను. ఏసేపు వినబడనంత దూరం వచ్చాక అడిగాను.

"ఖాజా, ఇరవయ్యారున మళ్ళ నువ్వే ఏస్తావా?"

"నేనే మా."

"మెల్లగా ఏయి నాయనా. మావోని మటుకు. ఎవురికీ తెలియదు."

అతను సైకిలు ఆపి గంట మీద వేలు పెట్టి, గంట మాత్రం కొట్టలేదు. కాసేపు నేల చూశాడు. "చూస్తాలే మా" అని ఎక్కి వెళ్ళిపోయాడు. నాకు గుండె సగం కుదుటపడింది. మిగిలిన సగం, ఆ పిల్లవాడు చీకటి పడేలోగా కర్నూలు చేరతాడో లేదో అని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

*

జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు పిట్టలకు ముహూర్తం అక్కర్లేదు. పొద్దు పొడిచే వేళా, పొద్దు వాలే వేళా గుంపులు గుంపులుగా దిగుతాయి. మంచె మీద నిలబడి వడిసెలలో మట్టి ఉండ పెట్టి తిప్పి విసరాలి. చిన్నప్పటి నుంచి నాకు అదొక్కటే వచ్చు. ఏ కంకి మీద వాలిన పిట్టను లేపాలంటే ఆ కంకి పక్కనే పడుతుంది నా ఉండ. కంకికి తగలదు.

ఏసేపు మంచె కిందికి వచ్చి చాలాసేపు చూశాడు.

"మా, నాకు ఏస్తావా?"

"ఏం ఏసేది?"

"వడిసెలతో. బంతి. నాయన విసురుడు చాలదు. అది వచ్చేలోపల నాకు అన్నీ గుర్తుకొస్తాయి. బిరీన రావాల."

"నీకేమన్నా మతి పోయిందా? తలకు కుట్లున్నాయి."

"గుడ్డ బంతి చుట్టిమ్మని అడుగుతాండా. గుండు కాదు."

నేను ఒప్పుకోలేదు. ఆ పూటంతా పిట్టలను తోలుతూనే ఉన్నాను, వాడు కిందనే కూర్చున్నాడు. బతిమాలలేదు. బతిమాలితే తిట్టి పంపేదాన్ని. ఊరికే కూర్చున్నాడు. మరునాడు పాత చీర చించి, పురిపెట్టి గట్టిగా చుట్టి, పైన ఎర్ర దారంతో కుట్టాను. ఇంట్లో ఉన్నది ఎర్ర దారమే.

చేనులో నేల పగుళ్ళిచ్చి ఉంది. బంతి పడితే పగులులోనే నిలిచిపోయేది. "ఆడ నారమ్యాటు పరుస్తారు మా. బంతి సర్రున లేస్తాది. కళ్ళం మాదిరి నేల ఉంటే బాగుండు" అన్నాడు.

"కళ్ళం చేద్దాం" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. పంట కోతకు రాకముందు కళ్ళం చేయరు. ఎవరూ చేయరు. మా ఆయన విని చేతిలో చెంబు కింద పెట్టాడు.

"కంకి గట్టిపడలేదు. ఇప్పుడు కళ్ళమా? కడుపుతో ఉండాదని తెలియగానే ఉయ్యాల కట్టినట్ల ఉండాదే. పిల్లి ఎదురొస్తే ఎనక్కొచ్చే మనిషివి, నువ్వేనా ఈ మాట అనేది?"

"నేనే."

ఆయన నా మొహం చూసి పార అందుకున్నాడు. మంచె పక్కన గరుసు దిబ్బ మీద ముగ్గురమూ కళ్ళం చేశాం. చెక్కి, నీళ్ళు చల్లి, ఎద్దులతో తొక్కించి, గుండు దొర్లించి, పేడతో అలికాం. ఎద్దులు కంబన్నవే. ఇచ్చేటప్పుడు "ఈ ఏడు మీ ఇంట్లో పంట ముందా, పెండ్లి ముందా?" అన్నాడు కానీ ఇచ్చాడు.

మొదటి రోజు ఏసేపు తెల్ల గుడ్డ బూట్లు తొడుక్కొని వచ్చాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చినవి. కళ్ళంలో కాలు పెట్టబోతుంటే మా ఆయన అరిచాడు.

"కళ్ళంలోకి బూట్లతోనా? అన్నం రాశి పోసే చోటురా అది."

వాడు నాలుక కరుచుకొని అంచున కూర్చొని విప్పి, రెండూ జతగా పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో దిగాడు.

నేను మంచె ఎక్కాను. వడిసెల తిప్పాను. బంతి వాడికి బారెడు దూరంలో పడి చేనులోకి పోయింది. ఇంకొకటి అటువైపు పోయింది.

"మా."

"ఏం?"

"పిచ్చుకను చూసి ఏసినా నువ్వు ఇంత దూరం తప్పవు."

మళ్ళీ బంతి అందుకున్నాను. వడిసెల తిప్పుతున్నంతసేపూ చెవి, కణత, కుట్లు, ఆసుపత్రి, ఆ తరవాత ఇంకా ఏవేవో, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కానీ వదిలే క్షణంలో ఏదీ లేదు. తాడు జారే చోటు ఒక్కటే ఉంది. బంతి కళ్ళంలో పడి లేచి నేరుగా వాడి రొమ్ము మీదికి పోయింది. వాడి కాలు వెనక్కి జరిగింది. బంతి భుజానికి తగిలింది. మళ్ళీ నాకు భయం ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది.

మంచె దిగబోయాను.

"దిగొద్దు మా. ఇంగొకటెయ్యి."

అట్లా పొద్దునా సాయంత్రమూ. పిట్టలకు కొన్ని, వాడికి కొన్ని. వాడి కాలు పోతూనే ఉంది. రోజూ తగిలించుకుంటున్నాడు. రోజూ నేను ఆముదం కాచి రాస్తున్నాను. ఒక సాయంత్రం వీపుకు రాస్తూ అన్నాను.

"ఏసేపూ, నాకు ఎంత భయమో నీకు తెలుసు కద."

"ఊరందరికీ తెలుసు."

"తిప్పేటప్పుడు చచ్చిపోతాండా. ఏసినంక మళ్ళ చచ్చిపోతాండా. వదిలేటప్పుడు మటుకు భయానికి జాగా లేదురా. ఎందుకో తెలియదు. అప్పుడు నువ్వు నా కొడుకువు అని గూడా గుర్తుండదు."

వాడు తల తిప్పి నా వైపు చూశాడు.

"అయితే భయం పోదా?"

"పోయేదైతే నాకు ఎప్పుడో పోవాల్సింది. అది ఆడనే కూర్చొని ఉంటాది. ఆ ఒక్క రవ్వంతసేపు దాని మొగం చూడకుంటే చాలు."

నేనేదో గొప్ప మాట చెప్పాననుకోలేదు. నాకు తెలిసింది చెప్పాను. కానీ మరునాటి నుంచి వాడు తీరు మార్చాడు. ప్రతి బంతికీ మధ్య కళ్ళం అంచుకు నడిచిపోయి చేనుకేసి చూస్తాడు. ఎంతసేపు కావాలంటే అంత. భయపడేవాడో, ఏమి చేసేవాడో నేను అడగలేదు. తిరిగి వచ్చి, ఎడమ కాలి బొటనవేలితో నేలను రెండుసార్లు గీరి, పాదం మొత్తం ఆనించి, తల ఎత్తి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వచ్చేవరకు నేను వేయకూడదు.

ఒక పొద్దున బంతి దబ్బున బ్యాటుకు తగిలి కంబన్న చేను దాకా పోయింది. వాడు దాని వెంట పరుగెత్తలేదు. నిలబడే ఉన్నాడు.

"దారం అగుపడింది మా" అన్నాడు.

"ఏ దారం?"

"ఎర్ర దారం. తిరుక్కుంట వస్తాంటే అగుపడింది. అది తప్ప ఇంగేం అగుపడలేదు. నీ గొంతు గూడా ఇనపడలేదు."

నేను మంచె మీద కొంగు సర్దుకున్నట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాను. సంతోషమనుకోవద్దు. నా గొంతు వినబడకపోతే బాగుపడే రోజు ఒకటి వస్తుందని ఏ తల్లి అనుకుంటుంది.

తరవాత అసలు బంతి తెచ్చుకున్నాడు. తోలుది. అది కూడా వేశాను. వాడు నిలబడి నిలబడి కళ్ళంలో ఎడమ పాదం ఆనే చోట అలుకు లేచిపోయి గుంత పడింది. మా ఆయన రోజూ దాన్ని చూసి తల పట్టుకునేవాడు. "ఇరవయ్యారు కానీ, పూడుస్తాలే" అనేవాడు.

*

ఆ రోజు మేమిద్దరమూ మొదటి బస్సుకే కర్నూలు పోయాం. మైదానం ఒక పక్క షామియానా, కుర్చీలు, జెండా. మేము దానికి ఎదురు పక్క బిళ్ళ బంట్రోతుల ఇండ్లవాళ్ళతో నేల మీద కూర్చున్నాం. మావాడు తెల్ల బట్టల్లో, కాళ్ళకు మెత్తలు కట్టుకొని మా ముందు నుంచే పోయాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ మాట నా గొంతులోకి వచ్చింది. కొంగు నోట్లో పెట్టుకున్నాను.

"నీళ్ళు తాగినావా?" అన్నాడు మా ఆయన, నా బదులు.

"తాగినా నాయనా" అని పోయాడు.

బంతి ఖాజా చేతికి వచ్చింది. అతను పరుగెత్తడం మొదలుపెట్టే చోటు మాకు దగ్గరే. నా వైపు చూడకుండా పరుగెత్తాడు. బంతి మెత్తగా పడింది, మా ఆయన విసిరినట్టు. అయినా మావాడి కాలు వెనక్కి జరిగింది. ఎవరో ఈల వేశారు. రెండో బంతి కూడా అంతే, తాంబూలం. మావాడు దాన్ని ఎట్లాగో అడ్డుకొని తల ఎత్తి ఖాజాను చూశాడు. ఖాజా నేల చూశాడు. అప్పుడు మావాడు మైదానం ఇటు చివర కూర్చున్న నన్ను చూశాడు. అంత దూరం నుంచి మొహం కనబడదు. కానీ తెలిసిపోయిందని నాకు తెలిసింది.

వాడు ఖాజా దగ్గరికి నడిచి ఏదో చెప్పాడు. తిరిగి వచ్చి, మ్యాటు అంచున కూర్చొని, బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

నవ్వులు లేచాయి. "దేవళంలోకి పోతాండాడేమో" అన్నారు నా వెనక. షామియానాలోంచి సూపర్నెంటు లేచి నిలబడ్డాడు. అంపైరు వంగి ఏదో అడిగాడు, మావాడు తల అడ్డంగా ఊపాడు. రెండు బూట్లూ జతగా పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో మ్యాటు మీదికి ఎక్కాడు.

మా ఆయన చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. "కళ్ళం అనుకుంటాండాడే" అన్నాడు మెల్లగా.

ఆ బూట్లను ఖాజా తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. వంగినప్పుడు అన్నాడు. "మాఫ్ జెయ్యి మా. సరిగ్గా ఏయమని అడిగినాడు. ఇంగ మెల్లగా ఏసేది నా వల్ల కాదు."

నేను బూట్లు ఒళ్ళోకి తీసుకున్నాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. వట్టి కాళ్ళు. అన్ని వేళ్ళు బయటికే ఉన్నాయి. ఈసారి నాకు తల గురించి భయం కూడా కలగలేదు, కాళ్ళ గురించే.

ఖాజా పరుగు ఈసారి చాలా దూరం నుంచి మొదలైంది. నేను మావాణ్ణి చూడదలుచుకోలేదు. వాణ్ణి చూస్తే అరిచేస్తాను. ఖాజా చేతిలో బంతిని చూశాను. వడిసెల చివర చూసినట్టు దాన్నే చూశాను. వదిలాడు. పడింది. లేచింది. టంగుమంది.

మావాడు మ్యాటు అంచుకు నడిచి ఎక్కడో దూరంగా చూశాడు. అక్కడ జొన్న చేను లేదు, డేరాలు ఉన్నాయి. వాటినే చూశాడు. తిరిగి వచ్చి బొటనవేలితో రెండుసార్లు గీరాడు. పాదం ఆనించాడు.

ఎన్ని కొట్టాడో నాకు లెక్క తెలియదు. పక్కవాళ్ళు చప్పట్లు కొట్టినప్పుడు మంచిదనుకున్నాను. ఒక బంతి నేరుగా వచ్చి కాలి వేళ్ళ మీద పడింది. వాడు ఒంటి కాలి మీద గిరగిరా తిరిగాడు. ఖాజా పరుగెత్తుకొచ్చి వంగి చూశాడు. మావాడు అతన్ని తోసేసి, అంచుకు కుంటుకుంటూ పోయి, తిరిగి వచ్చి, అదే పాదం ఆనించాడు. బూట్లు విప్పాక ఒక్కసారి కూడా కాలు వెనక్కి పోలేదు. చివరకు ఖాజా బంతే వాడి మధ్య కర్రను లేపేసింది. ఆఫీసు జట్టు కూడా ఓడిపోయింది.

సూపర్నెంటు మా వైపే వచ్చాడు. మేము లేచి నిలబడ్డాం. ఆయన మావాడి కాలు చూశాడు. బొటనవేలు నల్లగా వంకాయలా ఉబ్బింది.

"ఇదేం పద్ధతోయ్? పెద్దవాళ్ళ ముందు బూట్లు విప్పి ఆడడమేమిటి?"

"పొరపాటైంది సార్."

"రేపు పదింటికి ఆఫీసుకు రా. కుంటుతూ అయినా సరే. నీ కుర్చీ ఖాయం చేయమని కాగితం పెడతాను" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మమ్మల్ని బస్సెక్కించడానికి ఏసేపు ఖాజా భుజం పట్టుకొని వచ్చాడు. నేను కిటికీలోంచి బూట్లు అందించాను.

"ఈ కాలికి ఎక్కవు మా. నీ కాడనే పెట్టుకో" అన్నాడు. కిటికీ చువ్వ పట్టుకొని నిలబడి, "ఇరవయ్యారు అయిపాయ. ఇంగ అనొచ్చులే మా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నెల రోజులు మింగిన మాట. రాలేదు. "ఆముదం రాసుకో" అన్నాను. బస్సు కదిలింది.

*

ఫిబ్రవరిలో జొన్న కోశాం. పిట్టలు తిన్నది పోగా బాగానే మిగిలింది. ముందుగా చేసిన కళ్ళం వల్ల కీడేమీ రాలేదు. వస్తుందని నేను నూర్పు చివరి వరకు కాచుకొనే ఉన్నాను. ఏసేపు రాలేదు, సెలవు దొరకలేదు. వచ్చే చలికాలం జట్టులో మళ్ళీ వాడే ఉంటాడని కబురు మాత్రం వచ్చింది. అంటే ప్రతి చలికాలమూ నాకిదే.

నూర్పు కోసం కళ్ళం మళ్ళీ అలకబోయే ముందు మా ఆయన గుంత పూడుస్తానని మట్టి తడిపాడు. "ఉండనీ" అన్నాను. ఎందుకని అడగకుండా దాన్ని వదిలి మిగిలినదంతా అలికాడు.

ఎద్దులు తొక్కాయి. తూర్పారపట్టాం. గింజలు రాశి పోసి, గోతాలకెత్తి, మిగిలినవి చీపురుతో ఊడ్చాం. పొద్దు వాలుతోంది. ఒళ్ళంతా నూగు, కళ్ళు మండుతున్నాయి. ఆ గుంతలో మాత్రం గింజలు నిలిచిపోయాయి. చీపురు అందదు. మోకాళ్ళ మీద కూర్చొని వేళ్ళతో తీశాను. మడమ లోతు ఒక పక్క, వేళ్ళ గీతలు ఒక పక్క. గింజలన్నీ తీశాక చెయ్యి అందులో ఆనించాను.

"జోపానం" అన్నాను.

మా ఆయన గోతం మూతి కడుతున్నాడు. "ఎవురితో మాట్లాడతాండావు?"

"ఎవురితో లేదు. చేట ఇట్లియ్యి."